డాష్‌బోర్డులో దీపం

చంద్రమౌళికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మూడో నెలలో ఆయన కారుకి కూడా సుస్తీ చేసింది. ఇరవై రెండేళ్ళుగా ఒకరినొకరు కనిపెట్టుకుని బతుకుతున్నవాళ్ళు కనక ఇందులో వింతేమీ లేదనుకుంది ఆయన భార్య వేదవతి. కాకపోతే ఇద్దరూ ఒకేసారి మంచం పడితే ఎవరు ఎవర్ని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలన్నదే తేలలేదు.

చంద్రమౌళి సంస్కృతం లెక్చరరు. ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో తెలియదు గానీ, కారులో ఏ మూల ఏ చప్పుడొస్తే ఏ నట్టు వదులైందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఇప్పుడు కుడి చెయ్యీ కుడి కాలూ సగం స్వాధీనంలో ఉన్నాయి. మాట బొత్తిగా లేదు. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం గొంతుదాకా వచ్చి అక్కడే చతికిలబడుతుంది. పలకా బలపం ఇస్తే ఎడంచేత్తో గీసేవన్నీ సున్నాలే. చిత్రమేమిటంటే, చిన్నప్పుడు తండ్రి దగ్గర వల్లెవేసిన పన్నాలు ఎక్కడికీ పోలేదు. మొదటి మాట అందిస్తే చాలు, స్వరం తప్పకుండా గంటసేపు వేదం చెబుతారు. చెప్పడం పూర్తయ్యాక దాహం వేసి, మంచినీళ్ళు అనలేక, కూజాకేసి చూస్తూ కూచుంటారు.

"వేదం వస్తోంది, మంచినీళ్ళు రావడం లేదు. ఇదేం చదువే" అంది అత్తగారు లక్ష్మీకాంతం. ఆవిడకి ఎనభై ఒకటి. కొడుకు గురించి ఆవిడ ఏడవడం అంటే అలాగే ఉంటుంది.

మాట మొదటి ఆరు నెలల్లో ఎంత వెనక్కొస్తే అంత అన్నారు డాక్టర్లు. ఆ తరవాత వచ్చేది కరువుభత్యం లాంటిది. ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేరు. మాట నేర్పే అమ్మాయి పేరు శాంతి. కాకినాడ నుంచి శనివారం శనివారం వచ్చి, అమలాపురంలో ఒక నర్సింగ్ హోమ్ మేడమీద గదిలో కూచుంటుంది. పదకొండు నుంచి పదకొండున్నర దాకా చంద్రమౌళిది. ఆ అరగంట దొరకడానికి నెలన్నర పట్టింది. నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. గోడమీద కాగితం అంటించి ఉంది. మొత్తం రెండు శనివారాలు మానినవారి సమయం వేరొకరికి ఇవ్వబడును.

ఆ పిల్ల వారంలో ఏడు రోజులుండగా శనివారమే ఎందుకు రావాలి అన్నది వేదవతి బాధ. శనివారం కోనసీమలో అద్దెకారు దొరకదు. ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్నని చూసి ఏడేసి ప్రదక్షిణాలు చేస్తామని మొక్కుకున్నవాళ్ళు ఊరికి సగం మంది ఉంటారు. మధ్యలో ఒక్క వారం తప్పితే మళ్ళీ ఒకటో వారం నుంచి లెక్క. డ్రైవర్లకి ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే జవాబు. "ఆయ్, శనివారం వాడపల్లండి. ఆదివారం ఎక్కడికన్నా తీసుకెళ్తానండి." ఎదురింటివాళ్ళ కారు కూడా ఐదో వారంలో ఉంది. ఆటో ఒకసారి ప్రయత్నించారు. కుడివైపు పట్టులేని మనిషి మొదటి గతుక్కే వేదవతి చేతుల్లోంచి జారి, ఆటోవాడి సీటు కింద తేలారు. ఆ తరవాత ఆటో అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇక మిగిలింది సొంత కారు. దాన్ని తోలడానికి దొరికినవాడు అబ్బులు. కువైట్‌లో పదకొండేళ్ళు కార్లు తోలి వచ్చి, ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటున్నాడు. మాస్టారి మీద గౌరవం కొద్దీ శనివారాలు తానే వచ్చి తోలిపెడతానన్నాడు. రోడ్డు నియమాలు కువైట్‌లో నేర్చుకున్నాడు, మర్యాద ఇక్కడ పుట్టుకతో వచ్చింది. రెండూ ఎదురుపడినప్పుడు మర్యాదే ముందు వెళుతుంది.

మొదటి ప్రయాణంలోనే స్టీరింగు వెనక మీటర్ల పలకలో ఎర్రలైటు ఒకటి వెలిగింది, బ్యాటరీ బొమ్మతో సహా. వేదవతి ఆస్పత్రిలో మొగుడి మంచం పక్కన పదకొండు రోజులు ఎర్రలైట్లకేసి చూసిచూసి వచ్చిన మనిషి. వెనక సీట్లోంచి దాన్ని చూడగానే ముందుకి వంగింది.

"అదేమిటి అబ్బులూ?"

"ఏం లేదండి. ఫ్యాను బెల్టు లూజయ్యిందండి. బిగించేస్తే సరిపోద్దండి."

"బిగిస్తావో ఏం చేస్తావో, ఆ ఎర్రలైటు నా కంటికి కనపడకుండా చెయ్యి నాయనా. నీకు పుణ్యముంటుంది."

"ఆయ్, అలాగేనండి."

మర్నాటి నుంచి అది కనపడలేదు. కువైట్ చదువు ఊరికే పోలేదని వేదవతి సంతోషించింది.

ఆ తరవాతి శనివారం పొద్దున్న చంద్రమౌళిని ముందు సీట్లో కూచోబెట్టి, బెల్టు పెట్టి, అబ్బులు కీ తిప్పాడు. చంద్రమౌళి ముందుకి చూశారు. ఏదో వెతుకుతున్నట్టు మళ్ళీ చూశారు. ఎడంచెయ్యి పైకెత్తి, వేలు ముందుకి చాపి, "దీ... దీపం" అన్నారు.

జబ్బు చేశాక ఆయన నోట తనంతట తాను పుట్టిన మొదటి మాట అది. వేదవతి కళ్ళు నిండిపోయాయి. "మాస్టారు మాటాడేరండి" అన్నాడు అబ్బులు. వేదవతి దిగి ఇంట్లోకి పరిగెత్తి అత్తగారితో చెప్పింది. ఆవిడ లేచి దేవుడి గదిలోకి వెళ్ళి, వెలుగుతున్న దీపం పక్కన ఇంకో దీపం పెట్టింది.

"వాడు అడక్క అడక్క అడిగాడు. ఏమిటా చూపులు, నూనె పట్రా" అంది.

కారులో ఆయన వేలు పోయిన దారిని చూస్తే డాష్‌బోర్డు మధ్యలో అంటించిన బొటనవేలంత వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. "సామికి దీపం లేదని బాధపడుతున్నారండి" అని తేల్చాడు అబ్బులు. ఆయన తల అడ్డంగా తిప్పారు. ఆ రోజుల్లో ఆయన చాలావాటికి తల అడ్డంగానే తిప్పుతుండేవారు. అవునన్నదానికి కూడా ఒక్కోసారి అలాగే వస్తుందని డాక్టరు చెప్పి ఉన్నాడు. కాబట్టి అవుననే అన్నారనుకున్నారు.

ఆ వేళ కారు గన్నవరం అక్విడెక్టు మధ్యకి రాగానే హారన్ దగ్గింది. తరవాత ఇంజను రెండు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది. కింద గోదారి పోతోంది, దాని మీద కాలవ పోతోంది, కాలవ పక్కన బళ్ళన్నీ పోతున్నాయి. వీళ్ళు మాత్రమే పోవడం లేదు. వెనక నుంచి నలుగురు దయగలవాళ్ళు తోసి ఒడ్డుకి చేర్చేసరికి పదకొండు దాటింది. ఒక శనివారం పోయింది.

గన్నవరం బ్యాటరీ షాపతను మూత తీసి చూసి, "ఎన్నేళ్ళయ్యిందండి ఇది కొని?" అనడిగాడు. అది చంద్రమౌళికి తెలుసు. ఆయన చెప్పలేరు. "అయితే ఇదేనండి పోయింది" అన్నాడతను. కొత్త బ్యాటరీ పెట్టగానే కారు గుర్రంలా లేచింది. అబ్బులు కీ తిప్పినప్పుడల్లా చంద్రమౌళి ముందుకి చూసి, "దీపం" అన్నారు, దారిలో రెండుసార్లు, ఇంటిదగ్గర దిగుతూ ఒకసారి.

ఆ వారం ఇల్లు దీపాలతో నిండిపోయింది. తులసికోట దగ్గర ఒకటి, గుమ్మానికి రెండు, దేవుడి గదిలో కొండెక్కకుండా చూసుకోవలసిన అఖండం ఒకటి. దానికి నూనె పొయ్యడం కోసం వేదవతి వంటింట్లోంచి లేచి లేచి రావలసి వచ్చేది. శుక్రవారం సాయంత్రం అబ్బులు కూడా తన వంతు తెచ్చాడు. వేలెడంత ప్లాస్టిక్ దీపం, సిగరెట్ లైటరు బొక్కలో తీగ పెడితే వెలుగుతుంది. దాన్ని డాష్‌బోర్డు మీద స్వామి పాదాల దగ్గర అతికించి, మాస్టారిని తీసుకొచ్చి చూపించాడు.

చంద్రమౌళి ఆ దీపాన్ని చూశారు. అబ్బులుని చూశారు. కళ్ళు మూసుకున్నారు. మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఆనందమండి" అన్నాడు అబ్బులు మెల్లగా.

రెండో శనివారం కారు అమలాపురం దాకా వెళ్ళింది. శాంతి చంద్రమౌళి ఎదురుగా కూచుని బొమ్మలు చూపించింది, ఆకు, ఆవు, గొడుగు. ఆయన అన్నింటికీ చెమటలు పట్టేలా ప్రయత్నించి, చివరికి ఆవు దగ్గర "ఆ" అన్నారు. వేదవతి దీపం సంగతి చెప్పింది.

"మాట రావడం చాలా మంచిదండి" అంది శాంతి. "కానీ ఆ మాటే నమ్ముకోకండి. ఇలాంటివాళ్ళకి ఒక్కోసారి అసలు మాట దొరక్క దాని పక్కింటి మాట వచ్చేస్తుందండి. నీళ్ళు అనాలనుకుని చెంబంటారు. దీపానికి చుట్టుపక్కల ఏమున్నాయో ఒక్కొక్కటీ అడిగి చూడండి."

ఆ సాయంత్రం వేదవతి ఆయన మంచం పక్కన కూచుని దీపానికి ఇరుగుపొరుగునంతా పిలిచింది. అగ్గిపెట్టా? అడ్డంగా తిప్పారు. వత్తులా? నూనె జిడ్డా? అడ్డంగా. కరెంటు బిల్లు కట్టలేదనా? పోనీ మీ అక్కయ్యగారి మనవరాలు దీపికా? ఆయన ఆమెకేసి చూసిన చూపు, తొలి ఏడాది కాలేజీలో ఆఖరి బెంచీని చూసే చూపు. కొంతసేపటికి విసుగొచ్చి పన్నాలు అందుకున్నారు. గోడవైపు తిరిగి, స్పష్టంగా, ఒక్క అక్షరం జారకుండా.

వచ్చేటప్పుడు మళ్ళీ హారన్ గొంతు పీలగా అయిందని అబ్బులు అప్పటికే చెప్పి ఉన్నాడు. కొత్త బ్యాటరీ వారంలో నీరసపడితే లోపం బ్యాటరీది కాదని వేదవతికి కూడా తోచింది. ఆమె ఫిజిక్స్‌లో బి.యస్సీ. పెళ్ళయ్యాక ఆ డిగ్రీ ఫ్యూజు తీగ వెయ్యడానికీ, తడిచేత్తో గ్రైండరు ముట్టుకోవద్దని అత్తగారికి చెప్పడానికీ తప్ప వాడింది లేదు. గురువారం అబ్బులుతో కలిసి రాజోలు వెళ్ళి ఒక వర్క్‌షాపులో చూపించింది. అక్కడతను మీటరు తగిలించి అంకెలు చూపించాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ పన్నెండు పైన ఉంది. ఇంజను తిరుగుతుంటే పధ్నాలుగు దాకా ఎక్కాలి. వీళ్ళ కారులో ఎక్కడం మాట దేవుడెరుగు, ఇంకా దిగుతోంది.

"డైనమో అండి" అన్నాడతను. "ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించేది అదేనండి. అది పుట్టించట్లేదు. బ్యాటరీలో ఉన్నది బండి తినేస్తంది."

గంటసేపు కష్టపడి దాన్ని విప్పి, బల్లమీద బిగించి, తీగలు తగిలించి తిప్పాడు. ఠంచనుగా పధ్నాలుగు. ఇంకోసారి తిప్పాడు. పధ్నాలుగే. తలగోక్కున్నాడు.

"బల్లమీద బంగారమండి. బండిలో పెడితే పలకట్లేదు."

అలాంటివారు మా ఇంట్లో ఇంకొకరున్నారు అనబోయి ఊరుకుంది వేదవతి.

"వైరింగులో ఎక్కడో ఉంటాదండి. అమలాపురంలో గంగాధర్ గారని ఉన్నారు, పాత బళ్ళకి ఆయనే. శనివారం ఎలాగూ వెళ్తారు కదా, చూపించేయండి."

బ్యాటరీని ఒక రాత్రి షాపులో పెట్టి ఛార్జింగ్ ఎక్కించమంటారా అని వేదవతి అడిగింది. అక్కర్లేదండి, మొన్న కొన్న బ్యాటరీయేగా అన్నాడు అబ్బులు. ఆమె చదివిన ఫిజిక్స్ లోపల ఏదో గొణిగింది. గొణగడం దానికి అలవాటే.

మూడో శనివారం తెల్లవారింది మొదలు వాన. హెడ్‌లైట్లూ వైపర్లూ వేసుకుని బయల్దేరారు. గన్నవరం దాటేసరికి వైపర్లు, పెళ్ళిళ్ళలో విసనకర్ర విసిరే పెద్దమనుషుల్లా, ఓపిక ఉన్నప్పుడు ఒకసారి ఊగుతున్నాయి. అంబాజీపేట మార్కెట్టు దగ్గర, కొబ్బరికాయల లారీ వెనక, కారు ఆగిపోయింది. తొమ్మిదీ యాభై. పదకొండుకి ఇంకా గంటా పది నిమిషాలుంది. అమలాపురం పది కిలోమీటర్లు.

"అబ్బులూ, ఆటో పిలు" అంది వేదవతి. "నేనొక పక్క, నువ్వొక పక్క పట్టుకుందాం. ఈసారి జారితే ముగ్గురం జారదాం."

అబ్బులు గంగాధర్‌కి ఫోన్ చేసి రమ్మని చెప్పి, వానలో తడుస్తూ వెళ్ళి ఆటో తెచ్చాడు. ఆటోవాడు మంచివాడు. వెనక సీటుకి తువ్వాలు పరిచి, "మెల్లగా తోల్తానండి, గుడ్లబుట్ట పెట్టుకున్నట్టు తీసుకెళ్తాను" అన్నాడు. వేదవతి ముందు తలుపు తీసి, బెల్టు విప్పి, భర్త చంకల కింద చెయ్యి వేసింది.

చంద్రమౌళి రాలేదు. ఎడంచేత్తో హ్యాండ్‌బ్రేకు పట్టుకున్నారు.

"ఏమండీ, టైమవుతోంది."

"దీపం" అన్నారు.

"దీపం పెడతానండీ. ఇంటికెళ్ళాక ఎన్ని కావాలంటే అన్ని పెడతాను. ముందు లేవండి."

"దీపం." ఈసారి హ్యాండ్‌బ్రేకు వదిలి స్టీరింగు పట్టుకున్నారు. సగం శరీరం వంగిపోయి, మొహం ఎర్రబడి, ఆ పట్టు వదలకుండా. "దీపం. దీపం."

బాగున్న చెయ్యి రెండు చేతుల బలం తెచ్చుకుంటుంది. అబ్బులు వేళ్ళు విప్పబోయాడు. "తప్పండి మాస్టారు, పడిపోతారండి" అంటూనే ఒక వేలు విప్పాడు, అది మళ్ళీ ముడుచుకుంది. కావలిస్తే ఇద్దరూ కలిసి ఆ వేళ్ళు విప్పగలరు. వేదవతికి తెలుసు. ఆయన కళ్ళలోకి చూసింది. చూసి, అబ్బులు చెయ్యి పక్కకి తీసింది.

"వద్దులే" అంది.

ఆటోవాడు పదిహేను నిమిషాలు ఆగాడు. తరవాత తువ్వాలు మడిచి, ఆమె ఇవ్వబోయిన డబ్బులు తీసుకోకుండా, "ఇంకోసారి తీసుకెళ్తాలెండి" అని వెళ్ళిపోయాడు. ఆమె శాంతికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. లోపల ఎవరికో ఆకు, ఆవు, గొడుగు చూపిస్తూ ఉండి ఉంటుంది. వెనక సీట్లో కూచుని వేదవతి వాన చూసింది. పదింబావు. పదిన్నర. చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు గడియారం చూడకూడదని ఆమెకి ఆస్పత్రిలోనే తెలిసింది. తెలిసినా చూసింది.

గంగాధర్ పదకొండుకి ఐదు నిమిషాలుందనగా మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, రెయిన్‌కోటు లోపల భద్రంగా చిన్న బ్యాటరీ. దాన్ని కారు బ్యాటరీకి తగిలించి, బానెట్ కింద తల పెట్టి, తీగలన్నీ ఒకసారి లాగి చూశాడు. తరవాత వచ్చి డ్రైవరు సీట్లో కూచున్నాడు.

"స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్ చేస్తన్నానండి. చూడండి." అందరూ చూశారు. ఆయిలు లైటు వెలిగింది. ఇంకేవీ లేవు. "బ్యాటరీ బొమ్మ లైటు రావాలండి ఇక్కడ. రాట్లేదు. ఎన్నాళ్ళనించండి?"

"మన బండికి ఆ లైటు రాదండి" అన్నాడు అబ్బులు, కొంచెం గొప్పగా. "శుభ్రంగా ఉంటాదండి."

"అదేనండి జబ్బు" అన్నాడు గంగాధర్. వెనక్కి తిరిగి వేదవతికి చెప్పాడు. "అమ్మగారూ, పాలు వాటంతటవే పెరుగవుతాయాండి? తోడు వెయ్యాలి కదా. పాత బళ్ళలో డైనమో కూడా అంతేనండి. ఊరికే తిరిగితే లేవదు. ముందు బ్యాటరీ నించి చుక్క కరెంటు తోడెయ్యాలి. ఆ చుక్క ఈ లైటు మీదుగానే వెళ్తాదండి. లైటు వెలిగిందంటే తోడు పడిందన్నమాట, ఆరిందంటే పెరుగు తోడుకుందన్నమాట. ఇక్కడ అసలు లైటే లేదు. బల్లమీద పెట్టినప్పుడు ఆయన వేరే తీగతో తోడేసి ఉంటాడు, అందుకే పలికింది."

నాలుగు స్క్రూలు విప్పి, స్టీరింగు వెనక పలకని ముందుకి లాగి, వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. "మాడిపోయిందనుకున్నాను. బల్బే లేదండి ఇక్కడ. ఎవరో తీసేసేరు."

అబ్బులు చొక్కా జేబులోంచి పర్సు తీశాడు. అందులోంచి మందులచీటీ కాగితం మడత ఒకటి తీశాడు. మడత విప్పితే పెసరగింజంత బల్బు.

"పారెయ్యలేదండి" అన్నాడు. "బెల్టు ఆ రోజే బిగించేసేనండి. లైటు కూడా ఆరిపోయింది. అయినా కీ తిప్పినప్పుడల్లా ఓసారి వెలిగి ఆరతంది కదండీ, అమ్మగారు అది చూసి బెంగెట్టుకుంటారని... కంటికి కనపడకుండా చెయ్యమన్నారు కదండీ."

వేదవతి అవునంది. అన్నానని ఒప్పుకుంది. పుణ్యముంటుందని కూడా అన్నాను అంది.

గంగాధర్ బల్బు తీసుకుని లోపల పెట్టి కీ తిప్పాడు. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది.

"దీపం" అన్నారు చంద్రమౌళి.

ఈసారి గట్టిగా అనలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. తొలి ఏడాది పిల్లాడు మూడో వారానికి సరైన జవాబు చెబితే మాస్టారు ఎలా అంటారో అలా, అలసిపోయి అన్నారు. ఆయనకి లైటు అన్న మాట దొరకలేదు. దొరికి ఉంటే అబ్బులు మొదటి రోజే బయటపడేవాడు. ఆయన దొరికిన మాట చెప్పారు. అది పక్కింటి మాట కాదు, ఎదురింటి మాట కాదు, అచ్చంగా ఆ మాటే. దానికి వాళ్ళు నూనె పోశారు.

ఇంజను తిరిగింది. ఎర్రలైటు ఆరింది. గంగాధర్ మీటరు చూపించాడు. పధ్నాలుగు పైన.

నర్సింగ్ హోమ్ మెట్లెక్కేసరికి పన్నెండూ ఇరవై. శాంతి భోజనం డబ్బా విప్పుతోంది. ఒకసారి వాళ్ళని చూసి మూత పెట్టేసింది. వేదవతి జరిగింది చెప్పింది. శాంతి వింటూ వింటూ నోటుపుస్తకం తీసి రాసుకుంది. "సరైన మాటండి, సరైన చోట, సరైన సమయంలో" అంది, రెండుసార్లు గీత గీసి. "చాలా గొప్ప సంగతండి ఇది."

"పదకొండు గంటలది..." అంది వేదవతి.

శాంతి పెన్ను మూత పెట్టింది. "పదకొండూ పది దాకా చూశానండి. రాజోలు నుంచి ఒక పోస్టుమాస్టరు గారు రెండు నెలలుగా తిరుగుతున్నారు. వరండాలోనే కూచుని ఉన్నారు, ఇచ్చేశాను. ఆయనకీ మూడో నెలే అండి." పెన్ను మూత మళ్ళీ తీసి, "ఎవరైనా మానేస్తే ఫోన్ చేస్తాను. మీ పేరు మొదట రాస్తున్నాను" అంది.

పోట్లాడదామని చూసింది వేదవతి. పోస్టుమాస్టరుతో పోట్లాడాలా, కాగితంతోనా, అబ్బులుతోనా, పుణ్యంతోనా తేలలేదు. కృతజ్ఞతలు చెప్పి మెట్లు దిగింది. చెప్పాక, ఎందుకు చెప్పానా అనుకుంది.

కారులో అందరూ కూచున్నారు. అబ్బులు కీ తిప్పాడు, లైటు వెలిగింది, ఆరింది. చంద్రమౌళి దాన్ని చూసి సీటుకి చేరబడ్డారు. కారు ఇప్పుడు ఎక్కడికైనా వెళుతుంది. వెళ్ళవలసిన చోటంటూ ఏమీ లేదు.

"నా వల్లేనండి" అన్నాడు అబ్బులు, ఎర్రవంతెన దాటుతుంటే.

"నీ వల్ల అరపాలు" అంది వేదవతి. "తోలు."

ఊరు దాటి కొంత దూరం వచ్చారు. చంద్రమౌళి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఉన్నట్టుండి ఇటు తిరిగి, "మేనా" అన్నారు.

ఎవరూ చెప్పకుండానే అబ్బులు కారు పక్కకి తీసి ఆపాడు.

"మేనా అన్నారండి" అన్నాడు. "పల్లకీ లాంటిదాండి?"

వేదవతి ముందుకి వంగింది. మేనా ఎక్కి ఆయన ఎప్పుడు ఊరేగారు? పెళ్ళిలో కారే కదా. పక్కింటి మాటైతే పల్లకీ, బోయీలు, పెళ్ళికూతురు. అచ్చం ఆ మాటే అయితే మేనా ఎక్కడుంది, కోనసీమలో, ఈ రోజుల్లో, ఈ వానలో? అత్తగారికి ఫోన్ చేసింది.

"మేనానా?" అంది ఆవిడ. "వాళ్ళ తాతగారికి ఉండేదిట. చెదపట్టి వీడు పుట్టకముందే పోయింది. కారు బాగయిందా? అఖండంలో నూనె అయిపోవస్తోంది, వచ్చేటప్పుడు తెండి."

"మేనా" అన్నారు చంద్రమౌళి మళ్ళీ. చూపు వేదవతి మొహం మీదే ఉంది. తేలిగ్గానే అన్నారు, ఈసారి వీళ్ళకి తప్పక తెలుస్తుందన్న ధైర్యంతో.

"బండి తియ్యమంటారాండి?"

"వద్దు. తియ్యకు. ఇంజను ఆపకు."

వేదవతి దిగి, వానలో చుట్టూ నడిచి, ఆయన వైపు తలుపు తీసి పక్కన వంగింది. కారులో ఉన్నదా అని అడిగింది. అడ్డంగా తిప్పారు. ఇంట్లో ఉన్నదా? అడ్డంగా. మనిషా? ఆయన కాసేపు ఆలోచించి, నిలువుగా మొదలుపెట్టి, మధ్యలో అడ్డంగా తిప్పారు. అది అవునో కాదో ఆమెకి తెలియలేదు. ఈసారి తొందరపడి నూనె పొయ్యకూడదనుకుని, కొంగు తలమీదికి లాక్కుని ఇంకో ప్రశ్న కోసం వెతుక్కుంది.